ఇసుక లేని ట్యాంకులో క్లామ్ పెట్టొచ్చా?

గుంటూరు నుంచి ఒకరు అడిగారు: "నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉప్పునీటి ట్యాంకు. అడుగున ఇసుక లేదు, ఒట్టి గాజే. బాగానే నడుస్తోంది. నీలంగా మెరిసే క్లామ్ ఒకటి పెట్టాలని ఎప్పట్నుంచో కోరిక. ఇసుక లేకపోతే నెల కూడా బతకదని షాపులో అన్నారు. నడుస్తున్న ట్యాంకులో ఇసుక పొయ్యమంటారా, క్లామ్ ఆలోచన మానుకోమంటారా?"

రెండూ అక్కర్లేదండి. అలాగని మీ షాపతను చెప్పింది పూర్తిగా అబద్ధమూ కాదు. క్లామ్ (రెండు చిప్పల గుల్ల) అనే ఒక్క పేరు కింద బొత్తిగా పొంతన లేని ప్రాణుల్ని అమ్ముతున్నారు. ఆయన మాట ఒక రకానికి నిజం, మీరడిగిన రకానికి కాదు.

మనవైపు గుల్లలంటే కాకినాడ బుడిత గుల్లలు, కృష్ణ సముద్రంలో కలిసే మొగల దగ్గర దొరికేవి గుర్తొస్తాయి. ఇవి బురదలోకో ఇసుకలోకో దిగి కూర్చుని, నీళ్ళు వడగట్టుకుని అందులోని సూక్ష్మజీవుల్ని తిని బతుకుతాయి. సూర్యలంక వెళ్ళినప్పుడు సరదాగా నాలుగు తెచ్చి ట్యాంకులో వేసేవాళ్ళున్నారు. ఇసుక లేకపోతే ఇవి గాజుమీద దొర్లుతూ నీరసించిపోతాయి, అది నిజమే. ఇసుక ఉన్నా ఒరిగేది పెద్దగా ఏమీ లేదు. వాటికి చాలినంత ప్లాంక్టన్ (నీళ్ళలో తేలే ఆ సూక్ష్మజీవులు) మన ట్యాంకు నీళ్ళలో ఉండదు, ఉన్న కాస్తా మురికిని నురగగా తీసే స్కిమ్మరు లాగేస్తుంది. పైగా ఇసుకలో చచ్చిన గుల్ల కంటికి కనబడదు. అమ్మోనియా పెరిగి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిస్తే గానీ మనకు తెలియదు. షాపుల్లో ఫ్లేమ్ స్కాలప్ అని ఎర్రగా అందంగా ఉండేది అమ్ముతారు చూడండి, దానికి ఇసుకతో పనే లేదు, రాతి సందులో తనే వదిలే సన్నటి దారాలతో అంటుకుని ఉంటుంది. అదీ తిండి చాలకే పోతుంది. దాని జోలికి వెళ్ళొద్దు.

మీరు ముచ్చటపడ్డది ట్రైడాక్నా జాతి. దీని కథ వేరు. చిప్పల బయటికి పరుచుకునే ఆ రంగుల కండను మాంటిల్ అంటారు. అందులో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు కాపురముంటాయి. వెలుతురుతో అవి ఆహారం తయారుచేస్తే అందులో పెద్ద వాటా క్లామ్‌కి వెళుతుంది. అంటే దీనికి ముందు కావలసింది లైటు. తర్వాత కావలసింది కాలు (చిప్పల అడుగునుంచి బయటికి వచ్చే కండ) ఆనించుకుని పట్టుకోడానికి గట్టి ఆధారం. ఈ రెండింట్లో ఇసుక చేసే సాయం ఏదీ లేదు.

ఇంకో మాట. ఇసుక ఉన్న ట్యాంకుల్లో అనుభవజ్ఞులు ఏం చేస్తారో గమనించారా? క్లామ్‌ని పెట్టబోయే చోట ఇసుక తవ్వి, అడుగున ఒక పలక రాయి పాతిపెట్టి, దానిమీద కూర్చోబెడతారు. క్లామ్ కాలు దగ్గర్నుంచి వదిలే దారాలు ఆ రాయిని పట్టుకుంటాయి. ఇసుక పైకి కనిపించే అలంకారమే. మీ ట్యాంకులో ఆ అలంకారం లేదు, అంతే.

ఇక ట్రైడాక్నాల్లో ఏ రకం అన్న సంగతి. క్రోషియా చిన్నది, పెద్దయినా 15 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. సముద్రంలో ఇది పగడపు రాతిలోకి తొలుచుకుని కూర్చుంటుంది. మాక్సిమా కూడా రాయిని పట్టుకుని ఉండేదే, ముప్పై సెంటీమీటర్లు దాటగలదు. కళ్ళు చెదిరే నీలాలు ఎక్కువగా ఈ రెండింట్లోనే వస్తాయి. ఈ రెంటికీ చిప్పల అడుగున, కాలు బయటికి వచ్చే సందు పెద్దగా ఉంటుంది. మెత్తటి ఇసుకమీద పెడితే ఆ సందు కిందనుంచి పురుగులకీ నత్తలకీ తెరిచిన తలుపే. కాబట్టి వీటికి ఇసుకకంటే రాయే మేలు. స్క్వామోసా, డెరాసా పగడపు రాళ్ళ ముక్కలమీదా ఇసుక నేలమీదా కనిపిస్తాయి. స్క్వామోసా 40, డెరాసా 60 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. గైగాస్ మీటరు దాటి, రెండు వందల కిలోల పైన తూగుతుంది, దాని ఊసు మనకెందుకు. డెరాసా, గైగాస్ పెద్దయ్యాక దారాలు వదిలేసి సొంత బరువుతోనే కూర్చుంటాయి. వాటికి అడుగున ఏముందన్న పట్టింపు అప్పుడు ఇంకా తగ్గిపోతుంది.

మొదటిసారి పెట్టేవాళ్ళకి నా ఓటు డెరాసాకే. రంగు అంత మెరుపుగా ఉండదు, గోధుమ, పసుపు చారలమీద అంచున కాస్త నీలం. కానీ మొండి ఘటం. లైటు ఓ మోస్తరుగా ఉన్నా సర్దుకుంటుంది. మీ నాలుగడుగుల ట్యాంకుకి ఒకనాటికి పెద్దదైపోతుంది, అది మాత్రం ముందే ఒప్పుకుని తెచ్చుకోండి.

కొనేముందు చట్టం సంగతి తెలియాలి. మాక్సిమా, స్క్వామోసా మన లక్షద్వీప్, అండమాన్ నీళ్ళలో ఉన్న జాతులే. 2001లో ఈ రెంటినీ, హిప్పోపస్ అనే మరో క్లామ్‌ని వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని రక్షిత ప్రాణుల జాబితాలోకి తెచ్చారు. అక్కణ్ణుంచి తీసింది కొనడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. మిగతా జాతులు కూడా అన్నీ వన్యప్రాణుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి, అంటే పర్మిట్ లేకుండా దేశాలు దాటకూడదు. 2022 సవరణ తర్వాత సైటిస్ జాబితాలోని విదేశీ ప్రాణుల్ని ఉంచుకునేవాళ్ళు రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోవాలి. పలావు లాంటి పసిఫిక్ దీవుల్లో డెరాసాని హేచరీల్లో పెంచి ఎగుమతి చేస్తారు. కాగితాలతో వచ్చే అవకాశం దానికే ఎక్కువ, నేను డెరాసా అనడానికి ఇదీ ఒక కారణం. బిల్లు, దిగుమతి కాగితం నకలు అడగండి. "అదంతా మేం చూసుకుంటాం సార్" అంటే అక్కడ కొనకండి, ఎంత చవకైనా సరే.

షాపులో క్లామ్ ముందు చెయ్యి అడ్డం పెట్టి నీడ పడేలా చూడండి. ఆరోగ్యంగా ఉన్నది చప్పున ముడుచుకుంటుంది. మందకొడిగా కదిలినా, నీళ్ళు లోపలికి పీల్చే రంధ్రం నోరెళ్ళబెట్టినట్టు వెడల్పుగా తెరుచుకుని ఉన్నా వదిలెయ్యండి. రెండంగుళాలకంటే చిన్నది తీసుకోవద్దు. ఇంకా ముఖ్యం, దాన్ని పైకి తీయించి అడుగు చూడండి. కాలు దగ్గర కండ చిరిగి వేలాడుతోందంటే ఎవరో బలవంతంగా పీకారని అర్థం. దారాలు పుట్టే గ్రంథి అక్కడే ఉంటుంది. దారాలు తెగితే కొత్తవి వస్తాయి, గ్రంథి చిరిగితే క్లామ్ దక్కడం కష్టం.

ఇంటికొచ్చాక ఇసుక లేని ట్యాంకులో చెయ్యాల్సిన అసలు పని ఇక్కడుంది. అరచేయంత లైవ్ రాక్ (సూక్ష్మజీవులు చేరిన పగడపు రాయి) పలక ఒకటి వెతకండి. పైన కొద్దిగా గుంట ఉంటే మరీ మంచిది. గాజుమీద కదలకుండా నిలబడాలి, వేలితో నొక్కితే ఊగకూడదు. క్లామ్‌ని చిప్ప దగ్గర పట్టుకుని, మాంటిల్ పైకి, కాలు సందు కిందికి ఉండేలా ఆ గుంటలో పెట్టి, రెండు పక్కలా చిన్న రాళ్ళు ఆనించండి. బిగించొద్దు, చిప్పలు తెరుచుకోడానికి చోటుండాలి. జిగురు పేరెత్తొద్దు. పక్కనుంచి టార్చి వేసి చూస్తే కింద సందులోంచి తెల్లటి కాలు బయటికొచ్చి రాతిని తడుముకోవడం కనిపిస్తుంది. ఒకచోట ఆనుతుంది, వెనక్కి లాక్కుంటుంది, మళ్ళీ వస్తుంది. నచ్చిన చోట సన్నటి దారపు పోగులు వదులుతుంది. ఒకటి రెండు రోజుల్లో, మరీ బద్ధకంగా ఉంటే ఇంకొన్ని రోజుల్లో, పట్టు దొరుకుతుంది. అప్పుడు పక్క రాళ్ళు తీసెయ్యొచ్చు.

రాయి పెట్టకుండా నేరుగా గాజుమీద వదిలేస్తే ఏమవుతుంది? గాజునీ పట్టుకుంటుంది. చావదు. కానీ తర్వాత మీకే ఇబ్బంది. గాజు తుడవాలన్నా, చోటు మార్చాలన్నా దాన్ని ఊడదియ్యాలి. రాతిమీద ఉంటే రాయితో సహా ఎత్తి పెడతారు, క్లామ్‌కి కదిలిన సంగతే తెలియదు. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా పలక పెట్టండి. గాజుమీద ఇప్పటికే అతుక్కున్నదాన్ని తియ్యాల్సి వస్తే, ఒక చేత్తో చిప్పను ఏమాత్రం పైకి లాగకుండా కదలకుండా పట్టుకుని, కొత్త బ్లేడుని గాజుకి పూర్తిగా ఆనించి పక్కనుంచి నెమ్మదిగా జరపండి. పోగులు గాజు దగ్గర తెగాలి, కండ దగ్గర కాదు. దారాలు గట్టిగానే ఉంటాయి, బ్లేడు కింద ఒక్కొక్కటీ పటుక్కుమని తెగడం చేతికి తెలుస్తుంది. అన్నీ తెగాక అదే తేలిగ్గా చేతికొస్తుంది. రాకపోతే ఇంకో పోగు మిగిలిందన్నమాట, లాగొద్దు.

పెట్టిన చోటునుంచి క్లామ్ జరిగిపోతుంటే, రోజూ తెచ్చి అక్కడే పెట్టకండి. అది లైటో ప్రవాహమో నచ్చక కదులుతోంది. ఇసుక లేని ట్యాంకుల్లో అనుమానించాల్సింది ముందుగా ప్రవాహాన్నే. అడుగున మురికి పేరుకోకూడదని మనం వేవ్‌మేకర్లు (నీటిని కదిలించే పంపులు) గట్టిగా తిప్పుతాం, వాటి నీటి జోరు గాజుని రాసుకుంటూ పోతుంది. క్లామ్ కూర్చునేదీ ఆ అడుగునే. మాంటిల్ అంచులు ఆరేసిన చీర కొంగులా మెల్లగా కదలాలి. ఒకవైపు అంచు మడతపడి లోపలికి తిరిగిందంటే జోరు ఎక్కువైనట్టు. పెద్ద రాతి చాటున, నీరు సుడి తిరిగి నెమ్మదించే చోటు చూసి పలకని అక్కడికి జరపండి.

ఇసుక లేకపోవడం వల్ల వచ్చే అసలు ఇబ్బంది ఎవరూ చెప్పనిది ఒకటుంది. నీళ్ళు మరీ శుభ్రమైపోవడం. ఇసుక ఉండదు, వారం వారం మురికిని గొట్టంతో లాగేస్తాం (సైఫన్), పెద్ద స్కిమ్మరు, పైన ఫాస్ఫేట్ తీసే జీఎఫ్ఓ ఒకటి. నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా వచ్చిందని సంబరపడతాం. క్లామ్‌లో ఉన్న శైవలాలకి నైట్రోజన్ కావాలి. అమ్మోనియా, నైట్రేట్‌ని క్లామ్ నీళ్ళలోంచి నేరుగా పీల్చుకుంటుంది. సున్నా దగ్గర ఉంచితే మాంటిల్ రంగు వెలిసిపోతూ వస్తుంది, మనం లైటు చాలలేదనుకుని ఇంకా పెంచుతాం, పని చెడుతుంది. నైట్రేట్ 5 పీపీఎం (పది లక్షల్లో 5 భాగాలు) అటూఇటూ, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉంచండి. చేపలకి కడుపునిండా తిండి పెట్టడమే దీనికి తేలికైన ఉపాయం. సీసాల్లో అమ్మే ఫైటోప్లాంక్టన్ (తేలియాడే సూక్ష్మ శైవలాలు) చిన్న క్లామ్‌లకి వేస్తే తప్పులేదు, కానీ దాంతోనే బతుకుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇసుక ఉంటే అది కరిగి కాల్షియం ఇస్తుందనే మాట కూడా మీకు వినిపిస్తుంది. ట్యాంకులో ఉండే పీహెచ్ దగ్గర అరగొనైట్ ఇసుక చెప్పుకోదగ్గంతగా కరగదు. ఇసుక ఉన్నా లేకపోయినా కాల్షియం, ఆల్కలినిటీ (నీటి క్షారగుణం) పెంచేవి మీరు పొయ్యాల్సిందే. పెరిగే క్లామ్ చిప్ప కోసం రెండింటినీ బాగా వాడుతుంది. కాల్షియం 400–450 పీపీఎం, మెగ్నీషియం 1300 పీపీఎం దరిదాపుల్లో, ఆల్కలినిటీ 8–9 డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలమానం), ఉప్పదనం 35 పీపీటీ (వెయ్యిలో 35 భాగాలు). ఈ అంకెల్లో ఫలానాదే ఉండాలన్న పంతం కన్నా ఊగిసలాట లేకపోవడం ముఖ్యం.

మన జిల్లాల్లో ఒక వెసులుబాటుంది. రొయ్యల చెరువుల పుణ్యమా అని బాపట్ల, రేపల్లె, మచిలీపట్నం వైపు ఆక్వా ల్యాబులున్నాయి, టెస్ట్ కిట్టు అయిపోతే నీళ్ళ సీసా పట్టుకెళ్ళొచ్చు. అయితే వాళ్ళ రిపోర్టు చూసి హడలిపోకండి. చెరువుల లెక్కలో అన్నీ కాల్షియం కార్బొనేట్‌గా రాస్తారు. ఆల్కలినిటీ 150 అని వస్తే దాన్ని 17.9తో భాగించండి, 8.4 డీకేహెచ్. కాల్షియం హార్డ్‌నెస్ 1050 అని వస్తే రెండున్నరతో భాగించండి, 420, సరిగ్గా కావలసినంత. మొత్తం హార్డ్‌నెస్ ఆరు వేల పైన కనిపిస్తుంది, సముద్రపు నీళ్ళకి అది మామూలే. "ఇంత హార్డ్‌నెస్ ఏంటండీ" అని ల్యాబు కుర్రాడు కంగారుపడితే చెరువు కాదు, సముద్రమని చెప్పండి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరుని మాత్రం ఆర్‌ఓ నీళ్ళతో కాకుండా 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోండి.

డ్రమ్ములతో సముద్రపు నీళ్ళు తెచ్చుకునేవాళ్ళకి ఓ మాట. హంసలదీవి చుట్టుపక్కల కృష్ణ నీరు కలుస్తుంది, వరదల కాలంలో ఉప్పదనం పడిపోతుంది, మట్టి, చెరువుల మురుగు కూడా దానితోపాటే. క్లామ్ ఉన్న ట్యాంకులో నేనైతే ప్యాకెట్ ఉప్పు, కరిగిన లవణాల కొలత (టీడీఎస్) సున్నా చూపించే ఆర్‌ఓ-డీఐ నీళ్ళు తప్ప పొయ్యను.

లైటు విషయం. డెరాసాకి, స్క్వామోసాకి స్థూలంగా 150–250 పార్ (శైవలాలకి పనికొచ్చే వెలుతురు కొలత) సరిపోతుంది. మాక్సిమా, క్రోషియాలకి 250 పైన, వీలైతే ఇంకా ఎక్కువ కావాలి. మీ ట్యాంకు రెండడుగుల లోతు, అడుగున గాజుమీద కూర్చున్న క్రోషియాకి మామూలు ఎల్ఈడీ చాలదు. దానికి చోటు రాళ్ళ పైవరసలో. డెరాసాని అడుగునే పెట్టొచ్చు. ఏదైనా సరే తెచ్చిన రోజునే పూర్తి వెలుతురు కింద పెట్టకుండా, లైటు తగ్గించి మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచండి. బాగుందనడానికి గుర్తు చిప్ప అంచున కనిపిస్తుంది. పాత చిప్పకీ మాంటిల్‌కీ మధ్య తెల్లగా, పల్చగా కొత్త గీత. అది వస్తోందంటే మిగతా అంకెల గురించి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

ఎండాకాలం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, బెజవాడ, గుంటూరు వాళ్ళకి దాని అర్థం వేరే చెప్పాలా. ట్యాంకు 25–27 డిగ్రీల మధ్య ఉండాలి, 30 దాటి రోజుల తరబడి ఉంటే క్లామ్‌లోని శైవలాలు బయటికి పోయి మాంటిల్ మధ్యలోంచి తెల్లబడుతుంది. నీటిమీద ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, వడగాడ్పుల రోజుల్లో బాగా, ఉక్కపోత రోజుల్లో అంతంతమాత్రం. ఆవిరైన నీటికి బదులు మంచినీళ్ళే, అంటే ఆర్‌ఓ నీళ్ళే పొయ్యాలి, ఉప్పు నీళ్ళు కాదు. మన ఎండలకి నమ్మకమైనది నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రమే. కరెంటు పోతే ఇంటి ఇన్వర్టరు చిల్లర్‌ని మొయ్యలేదు, ఒక వేవ్‌మేకరునీ గాలి పంపునీ అయినా దానికి కలపండి. క్లామ్ ఒకవేళ చచ్చిపోతే ఆ వేడిలో గంటల్లో కుళ్ళుతుంది. అనుమానం వచ్చిన క్షణమే వాసన చూసి తీసెయ్యండి. ఇసుక లేని ట్యాంకులో మురికిని వెంటనే సైఫన్ చెయ్యొచ్చు, ఈ విషయంలో మీరే అదృష్టవంతులు.

అలాగే పిరమిడెల్లిడ్ నత్తలు. తెల్లగా, బియ్యపు గింజకంటే చిన్నగా ఉంటాయి. పగలు కిందా సందుల్లోనూ నక్కి, రాత్రి చిప్ప అంచుకి ఎక్కి సన్నని తొండంతో క్లామ్ రసం పీలుస్తాయి. లైట్లు ఆరిన గంట రెండు గంటలకి టార్చి వేసి చూడండి. చిప్పమీద జిగురు మరకలా కనిపించేవి వాటి గుడ్లు. కొత్తగా తెచ్చిన క్లామ్‌ని ట్యాంకులో దించేముందే కొంచెం ట్యాంకు నీళ్ళు పోసిన గిన్నెలో పెట్టి, మెత్తటి టూత్‌బ్రష్‌తో చిప్పలు రుద్ది, ఆ నీళ్ళు పారబోయండి. మాంటిల్‌కీ కాలుకీ బ్రష్ తగలనివ్వొద్దు. ఆ తర్వాత కొన్ని వారాలపాటు రాత్రి తనిఖీ చేస్తూ ఉండాలి. ఇసుక ఉన్న ట్యాంకులో ఇవి ఇసుక కింద దాక్కుంటాయి. మీకు పలకతో సహా బయటికి తీసి, అడుగు దాకా చూసి, పెట్టెయ్యడమే.

మీరు ట్యాంకులో ఏ చేపలున్నాయో రాయలేదు. ఏంజెల్స్ ఉన్నాయా? కోరల్ బ్యూటీ, ఫ్లేమ్ ఏంజెల్ లాంటి చిన్నవైనా సరే, కొన్ని నెలలు ఊరుకుని ఒకరోజు మాంటిల్ కొరకడం మొదలుపెడతాయి. బటర్‌ఫ్లైలు, ట్రిగ్గర్లు, పఫర్లు ఉంటే క్లామ్ ఆలోచనే వద్దు. జబ్బు చేపల కోసం ఆ ట్యాంకులో ఎప్పుడైనా కాపర్ మందు వేశారా అన్నది కూడా రాయండి. వేసి ఉంటే కాపర్ టెస్ట్ చేసి, సున్నా వచ్చేదాకా క్లామ్ కొనొద్దు. చేపల పేర్లు, లైటు మోడలు చెబితే పలక ఎక్కడ పెట్టాలో, ఎవర్ని ముందు బయటికి పంపాలో చెప్పగలను.